ప్రకాశం బజార్ డీటీపీ సెంటర్ నుంచి చూస్తే

నల్గొండలో కొత్తగా బట్టల షాపు తెరిచేవాళ్లు ఒకప్పుడు తప్పకుండా చేసే పనులు మూడు ఉండేవి. పాంప్లెట్లు కొట్టించి పొద్దున పేపర్‌లో పెట్టించడం, గడియారం సెంటర్‌లో ఫ్లెక్సీ కట్టించడం, ఏదో ఒక దినపత్రిక జిల్లా టాబ్లాయిడ్‌లో, అంటే మెయిన్ పేపర్‌తో కలిపి వచ్చే జిల్లా వార్తల చిన్న పేపర్‌లో, పావు పేజీ ప్రకటన ఇవ్వడం. మూడింటికీ మ్యాటర్ రాసేది, డిజైన్ చేసేది ప్రకాశం బజార్‌లోని మా డీటీపీ సెంటర్ లాంటి చోట్లే. ఇప్పుడు షాపు తెరిచే ఓనర్ ముందు అడిగేది, "అక్కా, మంచిగ రీల్స్ జేసే పిల్లలు ఎవరన్న తెలుసా?" అని. పాంప్లెట్ సంగతి నేనే గుర్తు చేస్తే "ఎవరు చదువుతుండ్రక్కా" అని నవ్వుతారు. అయినా ఐదు వందలు కొట్టించుకుంటారు. దేవుడి దగ్గర పెట్టడానికి ఒకటి, ఎమ్మెల్యేకి ఇవ్వడానికి ఒకటి, మిగతావి కౌంటర్ మీద.

ఇంటర్నెట్ వచ్చాక వ్యాపారాలు ఎలా మారాయి, మీడియా ఎలా మారింది అని రాసేవాళ్లు చాలామంది హైటెక్ సిటీ వైపు చూసి రాస్తారు. నేను కూర్చునే చోటు వేరు. పెళ్లి పత్రిక, కరపత్రం, కలెక్టరేట్‌లో ఇచ్చే వినతిపత్రం, పార్టీల ప్రెస్ నోట్, షాపు ప్రకటన అన్నీ ఒకే టేబుల్ మీదికి వస్తాయి. అందుకే వ్యాపారం ఒకటి, వార్త ఇంకొకటి అని నాకెప్పుడూ అనిపించలేదు. మా ఊళ్లో వార్త బతికిందే దుకాణాల డబ్బుతో. ఆ రెండిటి మధ్య ఉన్న ముడి ఎలా ఊడిపోయిందో రాద్దామని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

నేను డీటీపీ నేర్చుకున్న కొత్తలో మండలాల విలేకరులు తెల్ల కాగితాల మీద వార్తలు రాసి, కవర్‌లో పెట్టి, హైదరాబాద్ పోయే ఆర్టీసీ బస్సులో పంపేవాళ్లు. అక్కడ బస్టాండ్‌లో పత్రిక మనిషి వచ్చి ఆ కవర్ తీసుకునేవాడు. కవర్ ఒక్కరోజు ఆలస్యమైతే ఆ మండలంలో ఆ రోజు ఏమీ జరగనట్టే. తర్వాత ఫ్యాక్స్ వచ్చింది, ఆ తర్వాత నెట్ సెంటర్లు, ఈమెయిల్. అప్పటి నుంచి సాయంత్రం నాలుగు దాటితే మా సెంటర్ నిండా విలేకరులే. కనగల్ అన్న, తిప్పర్తి అన్న, నార్కట్‌పల్లి తమ్ముడు… వాళ్ల సొంత పేర్లకంటే మండలాల పేర్లే మాకు అలవాటు. చేతిరాత కాగితం చూసి అను ఫాంట్‌లో టైప్ చేసి, ఫొటో స్కాన్ చేసి, మెయిల్ కొట్టేదాన్ని. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఒక్క కంప్యూటర్ నడిచేది. ఎవరి వార్త ముందు పోవాలో వాళ్లే కొట్లాడుకునేవాళ్లు.

వాళ్లకు జీతం ఉండేది కాదు. 'లైన్ అకౌంట్' అని ఉండేది. అచ్చయిన వార్తను కొలిచి, ఆ పొడవుకు ఇంత అని ఇచ్చేవాళ్లు. అది బండి పెట్రోలుకు కూడా చాలేది కాదు. అసలు రాబడి ప్రకటనల మీద వచ్చే కమీషన్. పంద్రాగస్టుకు, దసరాకు, కొత్త సంవత్సరానికి, పత్రిక వార్షికోత్సవానికి టార్గెట్లు. మిర్యాలగూడ రైస్ మిల్లులు, ఎరువుల షాపులు, ప్రైవేటు స్కూళ్లు, సర్పంచులు, ఎంపీటీసీలు, సొసైటీ చైర్మన్లు. "జిల్లా ప్రజలకు శుభాకాంక్షలు" అని చేతులు జోడించిన ఫొటోలు ఎన్ని కట్ చేశానో లెక్కే లేదు. చెవుల పక్కన జుట్టు శుభ్రంగా కట్ చేయడం ఎంత కష్టమో ఫొటోషాప్ ముట్టుకున్నవాళ్లకు తెలుసు.

అదంతా సత్యకాలం అని నేను అనను. ప్రతి పండక్కీ పెద్ద ప్రకటన ఇచ్చే ఆస్పత్రి మీద ఒక్క వార్త కూడా వచ్చేది కాదు. వచ్చినా "ఓ ప్రైవేటు ఆస్పత్రిలో" అని ఉండేది. ప్రకటన ఇవ్వని ఎరువుల షాపు మీద మాత్రం "అధిక ధరలకు యూరియా" అని మరుసటి రోజే వార్త. అవన్నీ టైప్ చేసింది నేనే కాబట్టి ఏ వార్త ఎందుకు పుట్టిందో కొంత తెలుస్తుంది. కానీ ఒకటి నిజం. ఆ ప్రకటనలు ఇచ్చేవాళ్లు వందలమంది. ఒక్కొక్కరూ ఇచ్చేది తక్కువ. చిన్న చిన్న ఊటలతో నిండే బావి అది, ఏ ఒక్క ఊట ఎండినా నీళ్లు ఆగేవి కావు. ఒక మిల్లు ఓనర్ అలిగి ప్రకటన మానేసినంత మాత్రాన విలేకరి ఇంట్లో పొయ్యి ఆరిపోదు. అందుకే కాలువ నీళ్లు చివరి భూములకు రాకపోయినా, రేషన్ డీలర్ బియ్యం అమ్ముకున్నా, అప్పుడప్పుడైనా ఫొటోతో సహా అచ్చయ్యేది.

జిల్లా టాబ్లాయిడ్ అనే పద్ధతి తెలుగులో 1989లో ఈనాడు మొదలుపెట్టింది. మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. 2008లో సాక్షి ఒకేసారి 23 ఎడిషన్లతో వచ్చింది. 2011లో నమస్తే తెలంగాణ మొదలైంది. అప్పుడు మా సెంటర్‌కి మండల విలేకరులే రెట్టింపయ్యారు. ఒకే గొడవను నాలుగు పత్రికలకు నాలుగు రకాలుగా టైప్ చేయాల్సి వచ్చేది, ఒకరిది ఇంకొకరికి చూపించకుండా.

తర్వాత 2016 వచ్చింది. ఆ ఏడాది దసరా సీజన్ మా బజార్‌కి మామూలు సీజన్ కాదు. సెప్టెంబర్ 5న జియో వచ్చింది. దసరా రోజే, అక్టోబర్ 11న, కొత్త జిల్లాలు వచ్చాయి. నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి విడిపోయాయి. నవంబర్ 8న నోట్లు రద్దయ్యాయి. మూడు నెలల్లో మూడు. కొత్త జిల్లాలతో మాకు లెటర్‌హెడ్లు, రబ్బర్ స్టాంపులు, బోర్డులు బోలెడు ఆర్డర్లు వచ్చాయి. పత్రికలు కూడా జిల్లాకో పేజీ అని పెంచాయి. పైకి చూస్తే వ్యాపారం పెరిగినట్టే.

అసలు మార్పు మిగతా రెండింటితో వచ్చింది. జియోతో ఫోన్‌లో నెట్ వచ్చింది, చేతిలో నోట్లు లేవు, జనం ఫోన్‌తో కట్టడం నేర్చుకున్నారు. కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ వచ్చింది. బిల్లు కొట్టే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న షాపులు "నంబర్ చెప్పండి మేడం" అనడం మొదలుపెట్టాయి. ఈ నంబర్ అడగడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మా పాంప్లెట్‌ను మొదట దెబ్బ కొట్టింది అదే. అప్పటిదాకా షాపుకు తన కస్టమర్ ఎవరో తెలియదు, అందుకే ఊరందరికీ పంచాలి. ఇప్పుడు చీర కొన్నవాళ్ల నంబర్లన్నీ ఓనర్ ఫోన్‌లోనే ఉన్నాయి. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టి, లిస్టుకు 256 మంది చొప్పున, ఆషాఢం ఆఫర్ ఫొటో పంపితే ఖర్చు సున్నా. నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ పోతుందని తెలిశాక, "మా నంబర్ సేవ్ చేసుకుంటే ఐదు శాతం తగ్గింపు" అని బోర్డు పెట్టారు ఒకరు. ఆ బోర్డు కూడా మేమే కొట్టాం.

2020 లాక్‌డౌన్‌లో పేపర్ ముట్టుకుంటే కరోనా వస్తుందని పుకారు పుట్టింది. ఏజెంటుగా ఉన్న మా మరిది కట్టలు కట్టలు తిరిగి పంపాడు. షాపులే మూసి ఉంటే ప్రకటన ఎవరిస్తారు? టాబ్లాయిడ్లు మెయిన్ పేపర్‌లో రెండు మూడు పేజీలుగా కలిసిపోయాయి. షాపులు మళ్లీ తెరుచుకున్నాయి కానీ ఆ పేజీలు పూర్తిగా తిరిగి రాలేదు. పొద్దున్నే గ్రూపుల్లో పేపర్ పీడీఎఫ్ తిరగడం అప్పుడే మామూలైంది.

షాపువాళ్లను తప్పు పట్టలేం. నేనే కూర్చుని కొందరికి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ బూస్ట్ (డబ్బు కట్టి పోస్టును ఎక్కువమందికి చూపించడం) పెట్టి ఇస్తాను కదా, ఎంత వసతో నాకు తెలుసు. మ్యాప్‌లో నల్గొండ చుట్టూ ఎన్ని కిలోమీటర్లో చెప్పాలి, ఆడవాళ్లకా మగవాళ్లకా, ఏ వయసువాళ్లకో చెప్పాలి, రోజుకు రెండు వందలు పెట్టాలి. సాయంత్రానికి ఎంతమంది చూశారో, ఎంతమంది నొక్కారో లెక్క వస్తుంది. టాబ్లాయిడ్ పావు పేజీకి ఈ లెక్క ఏనాడూ లేదు. "మంచి రెస్పాన్స్ ఉంటది సార్" అని విలేకరి అన్నమాటే లెక్క. పేపర్ ప్రకటన మీద జీఎస్టీ 5 శాతం, ఆన్‌లైన్ ప్రకటన మీద 18 శాతం. అయినా ఆన్‌లైనే చవక అంటారు, వాళ్ల లెక్కలో నిజమే.

కానీ ఆ రెండు వందలు ఎటు పోతున్నాయో కూడా చూడాలి. పాత పావు పేజీ డబ్బులో కొంత విలేకరికి కమీషన్, కొంత నాకు డిజైన్ చార్జీ, మిగిలింది పత్రికకు. పత్రిక అందులోంచే జిల్లాలో ఒక స్టాఫ్ రిపోర్టర్‌ని, ఫొటోగ్రాఫర్‌ని, డెస్క్‌లో నలుగురిని పెట్టేది. ఇప్పుడు ఓనర్ ఫోన్‌లో పిన్ కొట్టగానే డబ్బు నేరుగా మెటాకు పోతుంది, లేకపోతే గూగుల్‌కు. 2016 జూన్ నుంచి విదేశీ కంపెనీలకు కట్టే ఆన్‌లైన్ ప్రకటనల మీద కేంద్రం 6 శాతం పన్ను వేసింది, 'గూగుల్ ట్యాక్స్' అనేవాళ్లు. ఏడాదికి లక్ష దాటి కట్టేవాళ్లకే అది. మా బజార్ బూస్టులకు ఎప్పుడూ తగల్లేదు. 2025 ఏప్రిల్ నుంచి అదీ తీసేశారు. ఏదైతేనేం, బట్టల షాపు ప్రకటనకూ కనగల్ అన్న పెట్రోలుకూ మధ్య ఉన్న దారి మూసుకుపోయింది.

ఇదే ఇంటర్నెట్ వల్ల బాగుపడ్డవాళ్ల సంగతి కూడా చెప్పాలి. చేనేత ఊరు పుట్టపాక నుంచి ఒక అమ్మాయి లేబుళ్ల కోసం మా దగ్గరికి వస్తుంది. అత్తింట్లో మగ్గాలున్నాయి. ఒకప్పుడు వాళ్ల చీర మాస్టర్ వీవర్ దగ్గరికి, అక్కడి నుంచి హైదరాబాద్ షోరూంకి పోయేది. కట్టుకునే ఆవిడ ఎవరో నేసినవాళ్లకు తెలిసేది కాదు. ఇప్పుడు ఈ అమ్మాయి ఫోన్‌లో బెంగళూరు, పుణె కస్టమర్లు ఉన్నారు. మగ్గం మీద ఉండగానే వీడియో తీసి పంపుతుంది, సగం డబ్బు ముందే వస్తుంది. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఎప్పుడో వచ్చింది, పుట్టపాక తేలియా రుమాల్‌కు 2020లో వచ్చింది. ఆ గుర్తింపు గురించి కస్టమర్లు నెట్‌లో చదువుకునే వస్తారట, అడుగుతారట కూడా.

ఆమె గోల వేరే. "అక్కా, ఫొటో మీద మా నంబర్ పెద్దగ వెయ్యి" అంటుంది. ఎందుకంటే ఆ ఫొటో గ్రూపుల్లోకి పోగానే రీసెల్లర్లు నంబర్ కత్తిరించి, ధర మీద ఇంకో వెయ్యి కలిపి, తమ చీరలాగా పెట్టుకుంటారు. మూల మీద వేస్తే కత్తిరిస్తున్నారు, మధ్యలో వేస్తే డిజైన్ కనిపించదు. కొంగు మీద వాలుగా, లేత రంగులో వేశాను. దాన్నీ ఏదో యాప్‌తో చెరిపేశారు. దానికంటే పెద్ద బాధ ప్రింటెడ్ ఇక్కత్. నూలు చిటికి కట్టి, రంగులద్ది, దారం దారం లెక్క చూసుకుని నేసిన చీర ఫొటో, మిషన్ మీద అచ్చు గుద్దిన చీర ఫొటో ఫోన్ తెర మీద పక్కపక్కనే పెడితే తేడా నాకే తెలియదు. చేత్తో వెనక్కి తిప్పి చూస్తే తెలుస్తుంది. ఫోన్‌లో వెనక్కి తిప్పడం కుదరదు కదా.

బత్తాయి రైతులదీ కొంచెం ఇలాంటిదే. పట్నం మార్కెట్ రేటు, ఢిల్లీ రేటు పొద్దున్నే గ్రూపులో వస్తుంది. తోట దగ్గరికి వచ్చే వ్యాపారి కూడా అదే గ్రూపు చూసే వస్తాడు. రేటు తెలిసినా, కాయ కోతకొచ్చాక చెట్టు మీద ఎన్ని రోజులు ఆపగలరు? తూకంలో కోసే తరుగు సంగతి ఏ గ్రూపులోనూ రాదు.

వార్తల దగ్గరికి వస్తాను. టాబ్లాయిడ్ చిక్కిపోయాక మండల విలేకరుల్లో కొందరు మానేశారు, కొందరు రియల్ ఎస్టేట్‌లోకి పోయారు, కుర్రాళ్లు యూట్యూబ్ చానళ్లు పెట్టారు. చానల్ పెట్టడానికి ఏం కావాలో నాకు బాగా తెలుసు, ఎందుకంటే మైక్ లోగో స్టిక్కర్, ఐడీ కార్డు, బండి మీద 'ప్రెస్' స్టిక్కర్ కొట్టేది మేమే. 2022 మునుగోడు ఉప ఎన్నిక అప్పుడు నవంబర్ 3 పోలింగ్ దాకా మాకు తీరిక లేదు. చౌటుప్పల్, చండూరు, మునుగోడు సెంటర్లలో ఎటు చూసినా మైకులే. టిఫిన్ తినేవాళ్లనూ వదల్లేదు, పత్తి ఏరేవాళ్లనూ వదల్లేదు. ఫలితం వచ్చాక ఆ లోగోల్లో చాలావరకు మళ్లీ కనిపించలేదు. కొన్ని ఐడీ కార్డులు డబ్బు కట్టక మా డ్రాయర్‌లోనే ఉండిపోయాయి.

ఉండిపోయిన చానళ్ల లెక్క చూద్దాం. యూట్యూబ్ ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, ఏడాదిలో జనం 4,000 గంటలు చూసి ఉండాలి, లేకపోతే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. అది దాటినా, వెయ్యి మంది చూస్తే వచ్చేది టీ ఖర్చు. లక్షల్లో చూస్తేనే ఇల్లు గడుస్తుంది. తిప్పర్తిలో మురుగు కాలువ పొంగింది అనే వార్తకు లక్షమంది ఎక్కడి నుంచి వస్తారు? చంటిపిల్లలతో సహా మండలమంతా చూసినా సరిపోదు. ఊరి వార్తకు ఊరి జనమే చూపరులు, అంతకు మించి ఉండరు. దుకాణం ప్రకటనకు అది చాలు, దానికి కావలసిందీ ఊరి జనమే. యూట్యూబ్‌కు చాలదు. అందుకే అదే కుర్రాడు కాలువ వదిలేసి, భార్యాభర్తల కొట్లాట ఇంటర్వ్యూ పెడతాడు. "షాకింగ్", "కన్నీళ్లు ఆగవు" అని థంబ్‌నెయిల్ కావాలని నా దగ్గరికే వస్తాడు. ఎర్ర బాణం గుర్తు, గుండ్రంగా చుట్టిన మొహం. చేసిస్తాను, డబ్బు తీసుకుంటాను.

ఇక చిల్లర ప్రకటనలు లేవు, యూట్యూబ్ డబ్బు చాలదు కాబట్టి మూడో దారి ఒకటే. నాయకుడి బర్త్‌డే వీడియోకు ప్యాకేజీ, ఆస్పత్రి డాక్టర్ ఇంటర్వ్యూకు ప్యాకేజీ, వెంచర్ ప్రారంభోత్సవానికి ప్యాకేజీ. ఇచ్చేవాళ్లు వందలమంది లేరు, పట్టుమని పదిమంది. వాళ్లలో ఇద్దరికి కోపం వస్తే చానల్ మూతే. పాతకాలంలోనూ రాయని వార్తలు ఉండేవి. ఇప్పుడు ఆ జాబితా పెద్దదైంది.

ఈ మధ్య ఆలోచిస్తుంటే ఫ్లోరైడ్ వార్తలు గుర్తొచ్చాయి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు నుంచి ఏళ్లకేళ్లు ఒకే వార్త వచ్చేది. వంకర తిరిగిన కాళ్లు, గార పట్టిన పళ్లు, పనిచేయని ఫిల్టర్ ప్లాంటు, పథకం ఆగింది, నిధులు రాలేదు. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' వాళ్లు మా జిల్లా పేరే పెట్టారు, 'నల్గొండ టెక్నిక్' అని. అంత పేరున్న సమస్య మీద కూడా కొత్తగా రాయడానికి ఏమీ ఉండేది కాదు. చాలాసార్లు పోయిన నెల ఫైల్ తెరిచి తేదీ, ఊరి పేరు, గ్లాసులో నీళ్లు పట్టుకున్న ముసలాయన ఫొటో మార్చి పంపిన రోజులున్నాయి. విసుగ్గా ఉండేది. కానీ ఆ విసుగు పుట్టించే వార్తలే మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు వచ్చేదాకా ఆ సంగతి మరిచిపోనివ్వలేదని నా నమ్మకం. వ్యూస్ లెక్క చూసే ఏ చానల్ అయినా ఒకే వార్తను అన్నేళ్లు మోస్తుందా? రెండో వారానికే "రీచ్ లేదు" అంటుంది.

ఊరి వార్తను నమ్మకంగా చెప్పే మనిషి లేకపోతే ఏమవుతుందో 2018 వేసవిలో చూశాం. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు, ఎక్కడివో తెలియని శవాల ఫొటోలు. మా పాత జిల్లాలోనే, బీబీనగర్ మండలంలో, ఒకతన్ని అనుమానంతో కొట్టి చంపారు. అదే సమయంలో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీ రెమా రాజేశ్వరి చేసిన పని మా ఆడపడుచు ఇప్పటికీ చెబుతుంది, వాళ్లది వనపర్తి దగ్గర పల్లె. ఊరికో పోలీసును కేటాయించి, అతని నంబర్ ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టించారు. పుకారు రాగానే అది అబద్ధమని అదే గ్రూపులో చెప్పాలి. దాంతో ఆగకుండా డప్పు చాటింపు వేయించారు, కళాకారులతో పాటలు పాడించారు. ఆమె చూసుకునే నాలుగు వందల పైచిలుకు ఊళ్లలో ఒక్క ప్రాణమూ పోలేదు. ఆ జులైలో వాట్సాప్ కూడా మన దేశంలో ఒక మెసేజ్‌ను ఐదు చాట్లకు మించి ఒకేసారి ఫార్వర్డ్ చేయకుండా హద్దు పెట్టింది. చాటింపు ముందు, కంపెనీ తర్వాత. ఆడపడుచు మాటల్లో చెప్పాలంటే, "ఫోన్ల ఏమొచ్చినా మల్ల డప్పు కొడితెనే నమ్మిండ్రు వదినా."

ఇంకో సంగతి నన్ను తినేస్తుంటుంది. మేం ఇన్నేళ్లు టైప్ చేసిందంతా అను ఫాంట్లలో. అది ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ కాదు. ఆ ఫైల్‌ను అను లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. గూగుల్‌కు అది తెలుగని తెలియదు. పాత టాబ్లాయిడ్లు నెట్‌లో ఉన్నన్నాళ్లూ బొమ్మలుగానే ఉన్నాయి, వెతికితే దొరకవు. కొన్నాళ్లకు అవీ తీసేశారు. అంటే మా జిల్లాలో పాతికేళ్ల వార్తలు, ఏ చెరువు ఎప్పుడు తెగింది, ఏ ఊరికి బస్సు ఎప్పుడొచ్చింది, ఎవరు ఏ ధర్నా చేశారు అనేవి ఇంటర్నెట్‌లో లేవు. ఇంటర్ చదివే పిల్లలు ప్రాజెక్టు కోసం వచ్చి "ఆంటీ, గూగుల్ల లేదు, అసలు జరగలేదేమో" అంటారు. మా హార్డ్ డిస్కుల్లో ఉన్నవాటిని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చడం మొదలుపెట్టాను. ఒత్తులు చెడిపోతున్నాయి, కూర్చుని దిద్దాలి. మా ఆయన "దీనికి ఎవరు పైసలిస్తరు" అంటాడు. ఎవరూ ఇవ్వరు. తీరిక దొరికినప్పుడు చేస్తున్నాను.

మ్యాటర్ రాయడం కూడా ఇప్పుడు ఏఐ చేస్తోంది. మొన్న ఒక టిఫిన్ సెంటర్ కుర్రాడు ఫోన్‌లో మ్యాటర్ తెచ్చాడు. "మా విశిష్ట వంటకాలతో మీ రుచి మొగ్గలకు అపూర్వమైన అనుభూతిని అందించుటకు మేము కట్టుబడి ఉన్నాము." నేను చదివి, "మీ దగ్గర ఏం బాగుంటది తమ్మీ?" అని అడిగాను. "పల్లి చట్నీ అక్కా, అందరు అదే అడుగుతరు" అన్నాడు. "పల్లి చట్నీ రెండోసారి అడగొచ్చు" అని పెద్ద అక్షరాల్లో వేశాం. ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి కాలేజీ పిల్లలు రీల్ చేశారట.

నార్కట్‌పల్లి తమ్ముడు పోయిన ఏడాది పేపర్ వదిలేసి వాట్సాప్ గ్రూపు పెట్టాడు. నెలకు 30 రూపాయలు, ఫోన్‌పే చేసినవాళ్లకే. కరెంటు కోతలు, పెన్షన్ ఇచ్చే రోజు, ధాన్యం కొనుగోలు కేంద్రంలో లారీలు వచ్చాయా లేదా, గ్రామసభలో ఎవరేం మాట్లాడారు, చావు కబుర్లు. నేను సాయంత్రం దాన్ని ఒక పేజీగా పేర్చి ఇస్తాను, ఈసారి యూనికోడ్‌లో. గ్రూపులో 1,024 మందికి మించి పట్టరు, మేం అందులో సగానికి కూడా రాలేదు. విచిత్రం ఏంటంటే డబ్బు కట్టేవాళ్లలో ఎక్కువమంది ఊళ్లో లేరు. ఎల్బీ నగర్, వనస్థలిపురంలో ఉంటారు. అమ్మానాన్న ఇక్కడ, భూమి ఇక్కడ. ఊళ్లో ఉన్నవాళ్లేమో "గ్రూపుల ఫ్రీగనే వస్తది గదా" అంటారు, నిజమే, మా పేజీని ఎవరో ఫార్వర్డ్ చేస్తూనే ఉంటారు.

మొన్న ఒక కొత్త ఆస్పత్రి వాళ్లు వచ్చారు. రోజూ పేజీ కింద తమ ప్రకటన వేస్తే నెలకు ఇంత ఇస్తామన్నారు. ఆ ఒక్క ప్రకటన డబ్బు చందాలన్నిటికంటే ఎక్కువ. తమ్ముడు వద్దంటున్నాడు, "రేపు ఆడ ఏమన్న జరిగితే ఎట్ల రాస్తనక్కా" అని. తీసుకోమని నేనంటున్నాను, కానీ ఒక్క ఆస్పత్రితో కాదు. ఆ జాగాను పది ముక్కలు చేసి ఎరువుల షాపుకు, పల్లి చట్నీ వాడికి, స్టీలు సామాన్ల దుకాణానికి తలా కొంచెం అమ్ముదామని. పదిమంది దగ్గర వసూలు చేస్తూ తిరిగే ఓపిక తనకు లేదంటాడు, పాత కమీషన్ రోజులు గుర్తొస్తాయట. వసూలు పని నేను చూసుకుంటానన్నాను. ఆస్పత్రి వాళ్లు మాత్రం ఇస్తే మొత్తం జాగా ఇవ్వాలి, దసరాలోపు చెప్పాలి అంటున్నారు.